కాసులమ్మ గారి పీక్

పెళ్ళికి గుమ్మానికి కట్టిన మామిడాకులు ఇంకా పూర్తిగా ఎండనే లేదు, ఆషాఢం వచ్చిపడింది. ఆషాఢంలో అత్తా కోడలూ ఒక గడప దాటకూడదు, కొత్త దంపతులు ఒక కప్పు కింద ఉండకూడదు. అనకాపల్లి గవరపాలెంలో కాసులమ్మ గారింట్లో ఈ రెండింటికీ తిరుగులేదు. అందుచేత కొత్త కోడలు దివ్య పెట్టె సర్దుకుని ఎలమంచిలిలోని పుట్టింటికి బయల్దేరింది.

చిక్కల్లా ఒక్కటే. దివ్యా, ఆమె మొగుడు నానాజీ అచ్యుతాపురంలో ఒకే ఇంజెక్షన్ల కంపెనీలో, ఒకే ల్యాబులో, ఒకే యంత్రం దగ్గర పనిచేస్తారు. వాళ్ళిద్దరి పరిచయానికీ, ఆ తర్వాత పెళ్ళికీ ఆ యంత్రమే సాక్షి.

ఈ సంగతి కాసులమ్మకి పెట్టె గుమ్మం దాటుతుండగా గుర్తొచ్చింది.

"ఒరే నానాజీ, అయితే పగలల్లా మీరిద్దరూ ఒక కప్పు కిందే ఉంటారేట్రా?"

"అది అసలు కప్పు కాదమ్మా," అన్నాడు నానాజీ ఏమాత్రం తడుముకోకుండా. "ఫాల్స్ సీలింగు. అట్టముక్కలు."

కాసులమ్మ ఆలోచనలో పడింది. అట్టముక్కలకి శాస్త్రం వర్తించదని కాసేపటికి తేల్చుకుంది.

"మరి గడపో?"

"ల్యాబుకి గడప ఉండదమ్మా. దుమ్ము పడతాదని పెట్టరు."

"గడప నేని కొంపా! అదేటి కొంపరా? సరే, అయితే పర్నేదు. ఎల్లండి."

దివ్య నవ్వాపుకోలేక పెట్టెమీద పడి దగ్గింది. కొత్త పెళ్ళికూతురికి దగ్గేమిటని కాసులమ్మ మిరియాల కషాయం పెట్టి మరీ పంపింది.

ఆ రోజు నుంచీ దివ్య ఎలమంచిలి కంపెనీ బస్సులో, నానాజీ అనకాపల్లి బస్సులో వచ్చి అచ్యుతాపురంలో కలుసుకునేవారు. తెల్లకోట్లు, తలకి టోపీలు, కళ్ళకి అద్దాలు, చేతులకి తొడుగులు. ఒకరికొకరు కనిపించేది ముక్కూ, చెంపలే. అయినా దివ్యకి అదే పండగ. పదిమందిలో "నానాజీ గారూ, ఆ పిపెట్ ఇలా ఇస్తారా?" అనేది. యంత్రం ఒక్కటే వింటున్నప్పుడు "బావా" అనేది. ఆయన అద్దాలమీద తన బొమ్మ చిన్నగా కనబడితే ఆ పూటంతా ఆకలి వేసేది కాదు. మళ్ళీ క్యాంటీన్లో పులిహోర అని తెలిస్తే వేసేది.

వాళ్ళు చేసే పని పాలిసార్బేట్ అనే పదార్థాన్ని కొలవడం. ఇంజెక్షన్లో మందు ఒకటుంటుంది, అది నీళ్ళతో పొత్తు కుదరక విడిగా తేలుతానంటుంది. పాలిసార్బేట్ మధ్యలో దూరి, అటు ఒక చెయ్యీ ఇటు ఒక చెయ్యీ వేసి ఇద్దరినీ కలుపుతుంది. అచ్చం పెళ్ళిళ్ళ పేరయ్య. తక్కువైతే సంబంధం తప్పిపోతుంది, ఎక్కువైతే పేషెంటుకి పడదు. అందుకని ప్రతి బ్యాచ్‌లోనూ ఎంతుందో కొలవాలి. నమూనాని యంత్రంలోకి ఎక్కిస్తే ఒక సన్నటి స్టీలు గొట్టంలోంచి నడుస్తుంది. కలిసికట్టుగా లోపలికి వెళ్ళిన పదార్థాలన్నీ ఆ గొట్టంలో విడిపోయి, ఒకదాని తర్వాత ఒకటి బయటికొస్తాయి. వచ్చినదల్లా తెరమీద ఒక కొండలా లేస్తుంది. దాన్ని పీక్ అంటారు. కొండ ఎంత పెద్దదైతే పదార్థం అంత ఉన్నట్టు.

"ఈ గొట్టం కూడా ఆషాఢమే బావా. అందరినీ విడదీసి పంపుతాది," అనేది దివ్య.

పాలిసార్బేట్ సబ్బుకి దగ్గర చుట్టం. ఆ మాటకొస్తే నురగ వచ్చేవన్నీ ఒకే వంశం. అందుకని ఈ పరీక్షకి వాడే గాజుసీసాలకి సబ్బు తగలకూడదని ల్యాబులో గట్టి కట్టడి. వేణ్ణీళ్ళతో కడగాలి, తర్వాత శుద్ధి చేసిన నీళ్ళతో తొలవాలి, అంతే. ఆ నియమాన్ని దివ్య ఏకాదశి ఉపవాసంలా పాటించేది.

ఇలా ఉండగా కాసులమ్మకి ఇంకో బెంగ పట్టుకుంది.

"అక్కడ పిల్లకి షాంపూలు రాసీసి జుట్టు పాడు సేసీగలరు," అని, మొదటి శుక్రవారానికి ముందురోజు కుంకుడుకాయలు దంచి, వేణ్ణీళ్ళలో నానబెట్టి, పిసికి, వడగట్టి, ఆ రసాన్ని ప్లాస్టిక్ కవరులో పోసి ముడేసి నానాజీ చేతికిచ్చింది. "కోడలికియ్యి. తలంటు నా రసంతోటే అవ్వాల."

మునగపాక దగ్గర స్పీడ్‌బ్రేకరు మీద ఆ కవరు పగిలింది. వానాకాలం కాబట్టి బస్సులో అప్పటికే నీళ్ళు కారుతున్నాయి. జనం చెప్పులతో తొక్కినకొద్దీ నురగ లేచింది. సీట్ల కింద నుంచి తెల్లగా పొంగుకుంటూ డ్రైవరు దాకా వెళ్ళింది. ఇంజిన్లోంచి ఏదో కెమికల్ లీకైందని అరిచి అందరూ దిగిపోయారు. ఫార్మా కంపెనీ వాళ్ళు కదా, నురగని చూస్తే ముందు పరుగెడతారు, తర్వాత వాసన చూస్తారు.

ఆ మర్నాడే నానాజీ ల్యాబులోంచి ఒక గాజుసీసా టిఫిన్ సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. నీలం మూత, అంచు కాస్త చిట్లిన సీసా. తలకిందులుగా పెట్టినా చుక్క కారదు. ల్యాబు సామాను గేటు దాటించడం తప్పని తెలుసు. కానీ ఆ మూత మర చూస్తే ఎవరికైనా అమ్మ రసం గుర్తొస్తుందని ఆయన వాదన. అప్పట్నుంచీ కాసులమ్మ రసం ఆ సీసాలో అనకాపల్లి బస్సెక్కి అచ్యుతాపురంలో దిగి, మళ్ళీ ఎలమంచిలి బస్సెక్కేది. తలంటయ్యాక దివ్య దాన్ని వేణ్ణీళ్ళతో కడిగి, ల్యాబుకి తెచ్చి మళ్ళీ శుద్ధి చేసిన నీళ్ళతో తొలిచి, సబ్బన్నది తాకనివ్వకుండా యథాస్థానంలో పెట్టేది. తన శుభ్రతకి తనే మురిసిపోయేది. పైగా మొగుడి చెయ్యి తగిలిన సీసా కదా అని, ఇంజెక్షన్లన్నీ ఒకచోట కలపడానికి పనిగట్టుకుని ఆ సీసానే తీసేది.

ఆషాఢం సగంలో గూని వచ్చింది.

పాలిసార్బేట్ కొండ పక్కన, దాని చంకనెక్కిన పిల్లలా, చిన్న గూని. పాలిసార్బేట్ ఉండాల్సినదానికంటే ఎక్కువున్నట్టు లెక్క తేలింది. నానాజీ చేస్తే గూని లేదు. దివ్య చేస్తే ఉంది. అదే బ్యాచ్, అదే యంత్రం.

ల్యాబు పెద్ద సన్యాసిరావు గారు నెమ్మదైన మనిషి. ఆడిటర్లంటే మాత్రం ఆయనకి చలిజ్వరం వస్తుంది. "కారణం తెలీకుండా బ్యాచ్ కదలదమ్మా," అని ముందు గొట్టం మార్పించారు. గూని పోలేదు. యంత్రం నుదుట కిందటి దసరా పూజనాటి కుంకుమబొట్టుంటే అది తుడిపించారు. గూని పోలేదు. తుడిచినందుకే పోలేదేమోనని ఎవరో అంటే, కాస్త తటపటాయించి, ఎవరూ చూడకుండా మళ్ళీ పెట్టారు. అప్పుడూ పోలేదు.

"యంత్రం బావుంది, పద్ధతి బావుంది, ఇంక మిగిలింది మనిషి," అన్నారు దివ్య వైపు జాలిగా చూస్తూ.

దివ్య మీద దర్యాప్తు మొదలైంది. కొత్త పెళ్ళికూతురంటే ఒంటినిండా పదార్థాలే. చేతికున్న ఆషాఢం గోరింటాకుని దూదితో తుడిచి యంత్రానికెక్కించారు. పసుపుతాడు తుడిచారు. తొడుగు కిందున్న పెళ్ళిగాజులు తుడిచారు. "మెట్టెలు కూడానా సార్?" అంటే, "చేతుల్తో కదమ్మా పనిచేస్తావు, కాళ్ళు వద్దులే," అన్నారు, కానీ ఆ రాత్రి ఆయనకి నిద్రపట్టలేదట, మర్నాడు మెట్టెలు కూడా తుడిపించారు. తన పసుపుతాడు పీక్ తెరమీద చూస్తే దివ్యకి భలే సరదా వేసింది. ఫోటో తీసుకోనిస్తారా అనడిగింది. ఇవ్వలేదు. ఏ ఒక్కటీ గూనితో కలవలేదు.

చివరికి సన్యాసిరావు గారు ఇద్దర్నీ గదిలోకి పిలిచారు.

"ఇదే పరీక్ష ఇద్దరు చేస్తారు, ఒకరికి వస్తుంది, ఒకరికి రాదు. ఇద్దరూ ఒకేసారి ల్యాబులో ఉంటే ఎవరి వల్ల ఏమవుతోందో తేలదు. కారణం దొరికేదాకా నానాజీ నైట్ షిఫ్టు, దివ్య మార్నింగు. విడివిడిగా ఉండండి."

దివ్య చేతులు జోడించింది. "సార్, ఆషాఢం ఇంటి దగ్గర ఉంది కదా. ఆఫీసులో కూడా పెట్టేత్తే ఎలగండి?"

"నా చేతుల్లో ఏముందమ్మా? గూని చేతిలో ఉంది."

"మరి శ్రావణం వచ్చేస్తే?"

"కంపెనీకి శ్రావణం లేదు తల్లీ. కారణమే."

బయటికొచ్చాక నానాజీ, "అయితే శ్రావణంలో నువ్వు అనకాపల్లి వచ్చేసరికి నేను అచ్యుతాపురం బయల్దేరతానన్నమాట," అన్నాడు. "నేను ఇంటికొచ్చేసరికి నువ్వు బస్సెక్కేస్తావు. మునగపాక దగ్గర బస్సులు ఎదురైతే చెయ్యి ఊపుకుందాం."

ఎప్పుడూ నవ్వే మనిషి దివ్య. ఆ మాటకి మాత్రం నవ్వు రాలేదు.

నానాజీ లేని ల్యాబు సంతలేని మంగళవారంలా అయిపోయింది. ఆయన నిలబడే చోట నిలబడి చూసింది, ఆయన కుర్చీ ఎత్తు తన ఎత్తుకి దించి, మళ్ళీ ఆయన ఎత్తుకి పెంచింది. ఒకరోజు మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు అరలోంచి ఆ చిట్లిన అంచు సీసా తీసింది. ల్యాబులో ఏదీ వాసన చూడకూడదన్నది మొదటి పాఠం. కానీ మొగుడు తాకిన సీసాకి పాఠాలేమిటి? మూత విప్పి, కళ్ళు మూసుకుని, ముక్కు పెట్టి గట్టిగా పీల్చింది.

మొగుడి వాసన రాలేదు. తన తల వాసన వచ్చింది.

కళ్ళు తెరిచింది. సీసాలో కాసిని నీళ్ళు పోసి మూత బిగించి ఊపింది. పైన తెల్లటి నురగ టోపీలా నిలబడింది. కిందికి దిగనంటోంది. మూత లోపలి మరల్లో జిగురుగా, లేత గోధుమరంగులో కాసులమ్మ దాక్కుని ఉంది.

సబ్బు తాకనివ్వలేదని ఇన్నాళ్ళూ మురిసిపోయింది. కుంకుడుకాయా సబ్బు వంశమేనని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఎమ్మెస్సీలో ఆ పాఠానికి తనకే క్లాసులో ఎక్కువ మార్కులొచ్చాయి కూడా. కానీ పుస్తకంలోది పదార్థం. ఇంట్లోది అత్తగారు.

క్యాంటీన్ వెనక్కి పరుగెత్తి ఫోన్ చేసింది. నైట్ చేసి పడుకున్న నానాజీ నిద్రలో ఎత్తాడు.

"బావా, గూని దొరికింది!"

"ఎక్కడ?"

"మీ అమ్మ."

"మా అమ్మకి గూని ఏటే? నిటారుగా ఉంటాది."

విషయం చెప్పింది. అవతల నానాజీ మంచం మీద లేచి కూర్చున్న చప్పుడు వినిపించింది.

"చెప్పేస్తే సీసా పట్టుకెళ్ళినందుకు నన్ను పీకేత్తారేమో దివ్యా."

"చెప్పకపోతే మనిద్దరం బస్సు కిటికీల్లోంచే కాపురం చెయ్యాలి. పైగా మంచి మందు పారబోస్తారు బావా, మన తలంటు కోసం."

నానాజీ, "చెప్పీ," అన్నాడు. "కుర్చీలో కూర్చోబెట్టి చెప్పు. ఆయనకి బీపీ."

సన్యాసిరావు గారు కూర్చునే విన్నారు. విన్నాక కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"కుంకుడుకాయా?"

"అవునండి."

"ఆషాఢమనా?"

"అవునండి."

ఆయన ముఖంలో ముందు కోపం వచ్చింది, దాని వెనకాలే, అచ్చం గొట్టంలోంచి వచ్చినట్టు విడిగా, ఆనందం వచ్చింది. కారణం దొరికింది! "కానీ రుజువు కావాలమ్మా. ఆ రసాన్నే యంత్రానికి ఎక్కించి, గూని అదే చోట వస్తుందో లేదో చూడాలి."

"బజార్లో కుంకుళ్ళు తెప్పిస్తారా సార్?"

"బజారుది ఎలా కుదురుతుంది? ఏ బ్యాచ్ వాడారో ఆ బ్యాచే కావాలి. నువ్వూ నానాజీ తేవడానికి లేదు, మీరు దర్యాప్తులో ఉన్నారు. తయారుచేసిన వాళ్ళనే తెమ్మనాలి."

అలా గవరపాలెం కాసులమ్మ, జీవితంలో మొదటిసారి, ఒక కంపెనీకి ప్రామాణిక పదార్థం సరఫరా చెయ్యడానికి ఆటో ఎక్కింది.

ఆమె వచ్చేసరికి సన్నగా జల్లు పడుతోంది. చేతిలో స్టీలు డబ్బా. గేటు దగ్గర సెక్యూరిటీ సత్తియ్య ఆపాడు.

"డబ్బాలో ఏటమ్మా?"

"కోడలి తలంటు."

"లోపల స్నానాలు కుదరవమ్మా."

"నాకెందుకు నాయనా స్నానం? మీ మిషనుకంట. తల ఎండిపోనాదేటో, కుంకుళ్ళు కావాలని ఫోను సేసేరు."

ఈలోగా గొడుగేసుకుని సన్యాసిరావు గారూ, వెనకాల దివ్యా వచ్చారు. ఈ కుంకుళ్ళే ఆ కుంకుళ్ళని దివ్య గుర్తుపట్టాలి. కాసులమ్మ కోడల్ని చూసి ముఖం విప్పార్చుకుని ఒక అడుగు వేసి, ఠక్కున ఆగిపోయింది. గేటు కింద అడ్డంగా ఎత్తుగా దిమ్మ.

"ఇది గడపేటి?"

"స్పీడ్‌బ్రేకరమ్మా," అన్నాడు సత్తియ్య.

"ఎత్తుగా ఉన్నాది, అడ్డంగా ఉన్నాది. గడప కాక మరేటి? నాను దాటను. అమ్మీ, నువ్వూ అక్కడే ఉండు!"

దివ్య బుద్ధిగా అవతలే ఆగింది. "బాగున్నారా అత్తా?"

"బాగున్నాను తల్లీ. సిక్కిపోనావు. మీ అమ్మ కూడెట్టట్లేదేటి?"

"పెడతంది అత్తా."

"మరి జుట్టో? టోపీ తియ్యి, సూత్తాను."

"ఇక్కడ తియ్యకూడదత్తా."

సన్యాసిరావు గారు దగ్గి, మధ్యలోకొచ్చి, దిమ్మమీద అటొక కాలూ ఇటొక కాలూ వేసి నిలబడ్డారు. "అమ్మా, కొన్ని వివరాలు కావాలి. ఇవి ఎప్పుడు తయారైనవి?"

"తయారేటి బాబూ, సెట్టుకి కాసేయి. మాఘంలో ఎండెట్టేను."

"ఎక్కడ నిల్వ చేశారు?"

"మంచం కింద."

"చల్లని, పొడి ప్రదేశం," అని ఆయన పైకే అనుకున్నారు. "రసంలో ఇంకేమైనా కలుపుతారా?"

కాసులమ్మ పెదవులు బిగించింది. "సెప్పను. మా అత్త నాకు సెప్పనేదు. నాను సూసి నేర్సుకున్నాను."

"కంపెనీ రహస్యం," అన్నారు ఆయన గౌరవంగా. అలాంటి రహస్యాన్ని ఇంకా అడిగే హక్కు ఆయనకి లేదు. "ఎక్స్‌పైరీ ఏమైనా?"

"అంటే ఏటి?"

"ఎప్పటిదాకా పనికొస్తుంది?"

"నానున్నంత కాలం నాను సేత్తాను బాబూ. తరవాత మా కోడలు సేత్తాది."

దివ్యకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జల్లు పడుతోంది కాబట్టి ఎవరికీ తెలియలేదు. డబ్బా సన్యాసిరావు గారి చేతుల మీదుగా గడప దాటింది.

"ఇంతకీ బాబూ," అంది కాసులమ్మ ఆటో ఎక్కుతూ, "నా కుంకుడు మంచిదో కాదో మీ మిషను సెప్తాదా?"

"చెప్తుందమ్మా."

"అయితే నిజం సెప్పమను. మొగమాటం వద్దను."

ఆ సాయంత్రం ల్యాబంతా యంత్రం చుట్టూ మూగింది. నైట్ షిఫ్టుకని తొందరగా వచ్చేసిన నానాజీని లోపలికి రానివ్వలేదు. అద్దం తలుపు అవతల నిలబడి చూస్తున్నాడు. రసం ఎక్కింది. తెరమీద గీత చదునుగా పాకింది, పాకింది. గూని వచ్చిన చోటే, వెంట్రుకవాసి తేడా లేకుండా, కొండ లేచింది. మామూలు కొండా! తెర పై అంచు తగిలి ఇంకా పైకి పోతానంది. సన్యాసిరావు గారు పాత గీతని దానిమీద పెట్టి చూశారు. గూని దాని అడుగున బుద్ధిగా ఇమిడిపోయింది.

"ఎంత అందంగా ఉందమ్మా మీ అత్తగారు," అన్నారాయన మైమరచి.

దివ్య అద్దంలోంచి నానాజీకి బొటనవేలు చూపించింది. ఆయన కారిడార్లో ఎగిరి గంతేశాడు.

కొత్త సీసాల్లో పరీక్ష మళ్ళీ చేశారు. దివ్య చేసినా, నానాజీ చేసినా గూని లేదు. పాలిసార్బేట్ ఉండాల్సినంతే ఉంది. బ్యాచ్ కదిలింది. ఇక మిగిలింది శిక్ష.

"ల్యాబు సీసా గేటు దాటించావు," అన్నారు సన్యాసిరావు గారు నానాజీతో, కఠినంగా ఉండటానికి శాయశక్తులా ప్రయత్నిస్తూ. "ఉద్యోగం పోవాల్సింది. మీరే వచ్చి చెప్పారు కాబట్టి పోలేదు. ల్యాబులో ఉన్న ప్రతి సీసా, ప్రతి మూత, ప్రతి మర నువ్వే కడగాలి. అన్నీ అయ్యేదాకా నైట్ షిఫ్టు లేదు, పగలే రా."

"అలాగే సార్."

"మన దగ్గర ఏ పనికైనా చేసినవారొకరు, సరిచూసినవారొకరు ఉండాలి. తెలుసుగా?"

"తెలుసు సార్."

"సరిచూసే పని దివ్యకి. పక్కనే నిలబడి, కడిగిన ప్రతి సీసా ఊపి, నురగ లేదని చెప్పాలి. ఇద్దరికీ శిక్షే. ఏమంటారు?"

ఇద్దరూ చాలా బాధపడుతున్నట్టు తల వంచుకున్నారు.

ఆషాఢంలో మిగిలిన రోజులన్నీ అలా సింకు దగ్గరే గడిచాయి. ఆయన కడిగి అందిస్తాడు, ఆమె వెలుతురుకి ఎత్తి ఊపుతుంది. "లేదు నానాజీ గారూ." ఇంకోటి. "లేదు బావా." సీసాలు ఎన్ని కడిగినా తరగడం లేదేమిటా అని సన్యాసిరావు గారికి అనుమానం వచ్చి ఒకసారి తొంగిచూశారు. కడిగినవే మళ్ళీ కడుగుతున్నారు. ఆయన చూడనట్టు వెళ్ళిపోయారు.

శ్రావణం మొదటి శుక్రవారం దివ్య గవరపాలెంలో ఉంది. కాసులమ్మ స్వయంగా తలంటి, సాంబ్రాణి పొగ పట్టి, తడి జుట్టు వీపునిండా పరిచింది. రసం ఇత్తడి గిన్నెలోనే చేసింది. కోడలు మెట్టింటికొచ్చిందని పక్కింటి దేముడమ్మ చూడవచ్చింది. గోడమీద పెళ్ళిఫోటో, దాని పక్కన ఇంకో ఫ్రేము. ఫ్రేములో తెల్లకాగితం, దానిమీద సన్నటి గీత, మధ్యలో నిలువునా లేచిన కొండ. కొండ కొసన పసుపూ కుంకుమా బొట్టు. అది తమ మందు కాదు కాబట్టి ఇవ్వొచ్చని సన్యాసిరావు గారు ఇచ్చిన కాగితం.

దేముడమ్మ దాన్ని చూసి గుండెమీద చెయ్యేసుకుంది. "ఓలమ్మో, ఈసీజీ! ఎవులికే కాసులమ్మా గుండె బాగోనేదు?"

"గుండె కాదే," అంది కాసులమ్మ, కోడలి చిక్కు తీస్తూ, చూపు కూడా తిప్పకుండా. "నా కుంకుడుకాయ. ఎంత ఎత్తుకెల్లిందో సూడు."